కాలమ్ పేరా, వేరియబుల్ పేరా? డేటాబేస్ ప్రోగ్రాముల్లో పేర్ల తగాదా

ఒరాకిల్‌లో ఒక చిన్న ప్రొసీజర్ రాశారనుకుందాం. దాని పని ఒక ఉద్యోగి రికార్డును తీసేయడం. దానికి ఒకే పేరామీటర్, పేరు ‘ఎంప్లాయీ_ఐడీ’. లోపల ఉన్నదీ ఒకే వాక్యం: డిలీట్ ఫ్రమ్ ఎంప్లాయీస్ వేర్ ఎంప్లాయీ_ఐడీ = ఎంప్లాయీ_ఐడీ. ఎడమవైపుది టేబుల్‌లోని కాలమ్ అనీ, కుడివైపుది బయటినుంచి వచ్చిన పేరామీటర్ అనీ రాసినవారి ఉద్దేశం. కంపైలర్ కిమ్మనదు. ప్రొసీజర్ చక్కగా తయారవుతుంది. ఒక్క ఉద్యోగి నంబరు ఇచ్చి పిలిస్తే, టేబుల్ మొత్తం ఖాళీ అయిపోతుంది.

కారణం భాష నియమంలోనే ఉంది. ఎస్‌క్యూఎల్ వాక్యంలో ఒక పేరు కనబడితే ఒరాకిల్ ముందు దాన్ని ఆ టేబుల్ కాలమ్‌లలో వెతుకుతుంది. అక్కడ దొరక్కపోతేనే చుట్టూ ఉన్న ప్రోగ్రాంలోని వేరియబుళ్ల దగ్గరికి వస్తుంది. అందుకే పై వాక్యంలో రెండు వైపులా కాలమే కూర్చుంది. నల్ లేని ప్రతి వరుసలోనూ ఆ విలువ తనకు తానే సమానం కాబట్టి ప్రతి వరుసా షరతుకు లోబడింది. ఒరాకిల్ తన మాన్యువల్‌లోనే ఇలాంటి ఉదాహరణ ఇచ్చి జాగ్రత్త చెబుతుంది. దాచిపెట్టిన లోపమేమీ కాదు, రాతపూర్వకంగా ఉన్న నియమమే.

ఈ తప్పు టెస్టింగ్‌లో తేలిగ్గా బయటపడదు. టెస్ట్ టేబుల్‌లో ఒకే వరుస పెట్టి చూసేవారికి ఫలితం సరిగ్గానే కనిపిస్తుంది: ఒక ఉద్యోగిని తీసేయమన్నాం, ఒక వరుస పోయింది. ఇదే పొరపాటు ‘సెలెక్ట్ ఇన్‌టూ’లో జరిగితే కొంత నయం. ఒకటికి మించి వరుసలు వచ్చాయంటూ ఓఆర్ఏ–01422 ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. డిలీట్, అప్‌డేట్‌లకు ఆ అదృష్టం లేదు. ఎన్ని వరుసలు మారినా అవి సజావుగా ముగిసినట్టే లెక్క. డేటాను చదివేటప్పుడు అరిచే తప్పు, డేటాను చెరిపేటప్పుడు మౌనంగా ఉంటుంది. ఈ విషయాన్ని ప్రోగ్రామర్లు ఇప్పుడు తీసుకుంటున్నదానికంటే ఎక్కువ గంభీరంగా తీసుకోవాలని నేననడానికి మొదటి కారణం ఇదే.

రెండు భాషలు ఒకే పేజీలో కలిసి బతకడం దీనికి మూలం. ప్రొసీజర్ భాషకు తన వేరియబుళ్లు, బ్లాకులు, పరిధులు ఉంటాయి. దాని కడుపులో ఉన్న ఎస్‌క్యూఎల్‌కు టేబుళ్లు, కాలమ్‌లు ఉంటాయి. పైగా కాలమ్ విలువను పట్టుకునే వేరియబుల్‌కు కాలమ్ పేరే పెట్టాలనిపించడం సహజం. మంచి పేరు పెట్టమని మనమే చెబుతాం, ఆ మంచి పేరు అప్పటికే టేబుల్‌లో ఉంటుంది. ఇద్దరు ఒకే పేరుతో ఉన్నప్పుడు ఎవరు పలకాలన్నది భాష నిర్ణయించాలి. నలభై ఏళ్లకు పైగా ఒక్కో డేటాబేస్ ఒక్కో తీర్పు ఇస్తూ వచ్చింది.

మైఎస్‌క్యూఎల్ తీర్పు ఒరాకిల్‌కు పూర్తిగా తలకిందులు. 2005లో 5.0తో స్టోర్డ్ ప్రొసీజర్లు వచ్చినప్పటినుంచి అక్కడ గెలిచేది లోకల్ వేరియబులే. పై డిలీట్ వాక్యాన్నే మైఎస్‌క్యూఎల్‌లో రాస్తే రెండు వైపులా పేరామీటర్ కూర్చుంటుంది. పేరామీటర్‌లో నల్ కాని విలువ ఏదున్నా షరతు ఎప్పుడూ నిజమే, టేబుల్ మళ్లీ ఖాళీ. రెండు వ్యతిరేక నియమాలు ఒకే విధ్వంసానికి దారితీశాయి. తేడా కనబడేది నల్ దగ్గర మాత్రమే: ఒరాకిల్‌లో ఆ కాలమ్‌లో నల్ ఉన్న వరుసలు మిగులుతాయి, మైఎస్‌క్యూఎల్‌లో నల్ పంపిస్తే ఏ వరుసా పోదు. లోకల్ వేరియబుల్‌కు కాలమ్ పేరు పెట్టవద్దని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్ చెబుతుంది కానీ, సర్వర్ మాత్రం ప్రొసీజర్ తయారుచేసేటప్పుడు ఆ మాట గుర్తుచేయదు.

కాబట్టి తగాదాలో గెలిచేది కాలమ్ కావాలా, వేరియబుల్ కావాలా అన్న చర్చ నాకు ముఖ్యంగా తోచదు. ఎవరో ఒకరిని మౌనంగా గెలిపించడమే అసలు దోషం.

ఈ విషయం పాత తరానికి బాగా తెలుసు. 1980లలో డీబేస్, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో, క్లిప్పర్ వాడినవారు రోజూ ఈ తగాదా మధ్యే పనిచేశారు. ఫాక్స్‌ప్రోలో ఫీల్డు పేరూ మెమరీ వేరియబుల్ పేరూ ఒకటైతే, చదివేటప్పుడు ఫీల్డే పలుకుతుంది. కానీ ‘పేరు = విలువ’ అని రాస్తే ఆ విలువ వెళ్లేది మెమరీ వేరియబుల్‌లోకి. ఫీల్డును మార్చాలంటే ‘రీప్లేస్’ కావాలి. ఒకే పేరుకు ఒక విలువ ఇచ్చి, మరుసటి లైన్లోనే చదివితే వేరే విలువ వస్తుంది. అందులోనూ ఆ క్షణంలో ఏ టేబుల్ తెరిచి ఎంచుకుని ఉందన్నదాన్ని బట్టి అర్థం మారిపోయేది. అందుకే జాగ్రత్తపరులు మెమరీ వేరియబుల్ ముందు ‘ఎం’ అనీ చుక్క అనీ పెట్టడం అలవాటు చేసుకున్నారు. క్లిప్పర్ 5 ఇంకో అడుగు ముందుకు వేసింది. ఫీల్డ్, మెమ్‌వార్, లోకల్ అని పేర్లను ముందే ప్రకటించుకునే వీలు ఇచ్చింది. ‘/డబ్ల్యూ’ అనే స్విచ్‌తో కంపైల్ చేస్తే, ప్రకటించని, ముందు ఏ గుర్తూ లేని ప్రతి పేరు దగ్గరా ఇది సందిగ్ధమైన ప్రస్తావన అని హెచ్చరించింది. అదే సంప్రదాయంలో వచ్చిన హార్బర్ కంపైలర్‌లో మొట్టమొదటి నంబరు హెచ్చరిక, డబ్ల్యూ0001, దీని గురించే. ఆ కంపైలర్లు రాసినవారు ఈ సమస్యకు ఎంత విలువ ఇచ్చారో ఆ నంబరే చెబుతుంది. డెస్క్‌టాప్ డేటాబేస్‌ల కాలం పోయి సర్వర్లు వచ్చినప్పుడు, ఆ జాగ్రత్త కూడా వెనకే ఉండిపోయింది.

మరోవైపు, తగాదా పుట్టకుండానే చేసిన భాషలున్నాయి. సైబేస్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు వచ్చిన టీ–ఎస్‌క్యూఎల్‌లో ప్రతి వేరియబుల్ ముందూ ‘@’ ఉండి తీరాలి. కాలమ్‌కు ఆ గుర్తు ఉండదు. ఇక సందేహానికి చోటేది? సీ, కోబాల్ ప్రోగ్రాముల్లో ఎస్‌క్యూఎల్‌ను పొదిగేటప్పుడు వేరియబుల్ ముందు కోలన్ పెట్టడమూ ఇలాంటి ఏర్పాటే. శాప్ వారి ఏబాప్ భాషలోనూ 7.40 వెర్షన్‌తో ‘@’ గుర్తు వచ్చింది. కొత్త పద్ధతి ఓపెన్ ఎస్‌క్యూఎల్ రాస్తే ప్రోగ్రాం వేరియబుళ్లకు ఆ గుర్తు తప్పనిసరి, లేకపోతే సింటాక్స్ చెక్ ఒప్పుకోదు. కంటికి ఇంపుగా ఉండదని దీన్ని తక్కువ చేసేవారున్నారు. నాకు మాత్రం ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే చవకైన, గట్టి పరిష్కారం ఇదే అనిపిస్తుంది. ఒక్క అక్షరం ఎక్కువ టైపు చేస్తే ఒక జాతి తప్పులే పుట్టవు.

పోస్ట్‌గ్రెస్ కథ వీటన్నిటికంటే ఆసక్తికరమైనది, ఎందుకంటే అది మనసు మార్చుకుంది. 1998లో 6.4తో వచ్చిన పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ మొదట్లో వేరియబుల్ పక్షం వహించింది, అదీ చాలా మొరటుగా. వాక్యంలో వేరియబుల్ పేరు ఎక్కడ కనబడితే అక్కడ దాని స్థానంలో పేరామీటర్ గుర్తును పెట్టేసేది. ఇన్సర్ట్‌లో కాలమ్‌ల జాబితాలో ఆ పేరున్నా సరే. దాంతో ‘$1 దగ్గర సింటాక్స్ ఎర్రర్’ అని వచ్చేది. తన ప్రోగ్రాంలో ఎక్కడా రాయని $1 ఎక్కడినుంచి ఊడిపడిందో కొత్తవారికి అర్థమయ్యేది కాదు. 2010లో విడుదలైన 9.0లో ఈ పద్ధతి మారింది. పేరు రెండిటికీ పొసగితే ఇకనుంచి అది ఎర్రర్. ఆ పేరు పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ వేరియబుల్ కావచ్చు, టేబుల్ కాలమ్ కావచ్చు అని సందేశంలోనే విడమరిచి చెబుతుంది. పాత అలవాటు కావాలనుకునేవారికి ‘వేరియబుల్_కాన్‌ఫ్లిక్ట్’ అనే సెట్టింగు ఉంది. దానికి మూడు విలువలు: ఎర్రర్, వేరియబుల్ పక్షం, కాలమ్ పక్షం. ఏమీ చెప్పకపోతే ఎర్రరే. సర్వర్ అంతటికీ పెట్టవచ్చు, ఒక్క ఫంక్షన్ తల మీద ‘#’తో మొదలయ్యే లైనుగానూ రాయవచ్చు.

ఆ మార్పుతో అంతవరకూ నడుస్తున్న ఎన్నో ఫంక్షన్లు ఆగిపోతాయని తెలిసే పోస్ట్‌గ్రెస్ బృందం ఈ నిర్ణయం తీసుకుంది. డేటాబేస్ రంగంలో పాత కోడ్ విరగకూడదన్నది దాదాపు మతం లాంటిది. ఆ మతాన్ని పక్కనపెట్టి, తప్పు అర్థంతో నడవడం కంటే ఆగిపోవడం మేలని తేల్చడం ధైర్యమైన పని. ఈ సమీక్షలో నేను నిస్సంకోచంగా మెచ్చుకునే నిర్ణయం ఇది.

అయినా అందులో లోటు ఉంది. ఆ ఎర్రర్ ఫంక్షన్ తయారుచేసేటప్పుడు రాదు, ఆ వాక్యం మొదటిసారి నడిచినప్పుడు వస్తుంది. ఎప్పుడో ఏడాది చివర నడిచే శాఖలో తగాదా ఉంటే అది ఏడాది చివరే బయటపడుతుంది. ఈ లోటు తీర్చడానికి పావెల్ స్టెహూలే రాసిన ‘పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్_చెక్’ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. ఫంక్షన్‌ను నడపకుండానే లోపలి వాక్యాలన్నీ పరిశీలిస్తుంది. 9.4లో వచ్చిన ‘షాడోడ్_వేరియబుల్స్’ హెచ్చరిక లోపలి బ్లాకులోని వేరియబుల్ బయటి దాన్ని కప్పేస్తే చెబుతుంది, కానీ అదీ మనం అడిగి పెట్టించుకుంటేనే.

పోస్ట్‌గ్రెస్ వాడేవారిని ఎక్కువగా పట్టి పీడించేది ‘రిటర్న్స్ టేబుల్’. ఫంక్షన్ ఒక టేబుల్‌ను తిరిగి ఇస్తుందని, దాని కాలమ్‌లు ఐడీ, పేరు అని తలలో రాస్తాం. ఆ ఐడీ, పేరు రెండూ ఫంక్షన్ లోపల వేరియబుళ్లుగా మారిపోతాయని చాలామందికి స్ఫురించదు. లోపలి సెలెక్ట్‌లో ఐడీ అనగానే సందిగ్ధం. టేబుల్ పేరు జోడించి రాస్తే తీరిపోతుంది. కానీ ‘ఆన్ కాన్‌ఫ్లిక్ట్’ తర్వాత బ్రాకెట్లో రాసే కాలమ్‌కు టేబుల్ పేరు జోడించడానికి వ్యాకరణమే ఒప్పుకోదు. సందిగ్ధం తీర్చమని అడిగి, తీర్చే దారి మూసేసినట్టయింది. అప్పుడు కాలమ్ బదులు కన్‌స్ట్రెయింట్ పేరు రాయాలి, లేదా ఆ ఫంక్షన్‌కు కాలమ్ పక్షం అని ప్రకటించాలి. ఇంకో చిక్కు: ఎస్‌క్యూఎల్ భాషలోనే రాసిన ఫంక్షన్లలో 9.2 నుంచి ఆర్గ్యుమెంట్లను పేరుతో వాడవచ్చు, అక్కడ తగాదా వస్తే కాలమే గెలుస్తుంది, మౌనంగా. ఒకే డేటాబేస్‌లో, పక్కపక్కనే ఉన్న రెండు ఫంక్షన్లలో, రెండు తీర్పులు.

ఇక ఒరాకిల్ హెచ్చరికల సంగతి. 2004 ప్రాంతంలో 10జీతో పీఎల్/ఎస్‌క్యూఎల్ కంపైలర్‌కు హెచ్చరించే నోరు వచ్చింది. తీవ్రమైనవి, సమాచారం కోసం ఇచ్చేవి, పనితీరుకు సంబంధించినవి అని మూడు తరగతులు. తీవ్రమైనవాటి నంబర్లు 5000తో, సమాచారపు హెచ్చరికలు 6000తో, పనితీరువి 7000తో మొదలవుతాయి. పేర్ల తగాదాకు దగ్గరగా వచ్చేది పీఎల్‌డబ్ల్యూ–05004. మీరు పెట్టిన పేరు ‘స్టాండర్డ్’ ప్యాకేజీలో ఇప్పటికే ఉందనో, అది ఎస్‌క్యూఎల్ సొంత ఫంక్షన్ అనో చెబుతుంది. దీని విలువ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. ఎవరో డిక్లేర్ భాగంలో ‘నో_డేటా_ఫౌండ్’ అనే ఎక్సెప్షన్‌ను స్వయంగా ప్రకటించారు. కింద ‘వెన్ నో_డేటా_ఫౌండ్’ అని పట్టుకోబోయారు. సెలెక్ట్ ఇన్‌టూకు వరుస దొరకనప్పుడు ఒరాకిల్ లేపేది అసలు ఎక్సెప్షన్‌ను, పట్టుకోవడానికి కాచుకున్నది వీరు కొత్తగా ప్రకటించినదాని కోసం. పేరు ఒకటే, మనుషులు వేరు. ఎర్రర్ చేతుల్లోంచి జారిపోతుంది. ఈ హెచ్చరిక ఆన్‌లో ఉంటే ఇది కంపైల్ చేసేటప్పుడే దొరుకుతుంది. 11జీలో కీవర్డ్‌ను పేరుగా వాడితే చెప్పే 06010 కూడా చేరింది.

అయితే 05004 చూపు స్టాండర్డ్ ప్యాకేజీ మీద, ఎస్‌క్యూఎల్ సొంత పేర్ల మీద మాత్రమే. మొదట చెప్పిన డిలీట్ వాక్యం దాని పరిధిలోకి రాదు. పైగా ‘పీఎల్ఎస్‌క్యూఎల్_వార్నింగ్స్’ సెట్టింగు మామూలుగా అన్నిటినీ ఆపేసిన స్థితిలో ఉంటుంది. ఎవరైనా సరదాపడి అన్నీ ఆన్ చేస్తే, ఆథిడ్ రాయలేదని ప్రతి యూనిట్‌కూ ఒక 05018, నోకాపీ వాడితే బాగుండేదని అడుగడుగునా 07203. ఆ వరదలో అసలైన హెచ్చరిక కొట్టుకుపోతుంది, రెండు రోజుల్లో మళ్లీ అన్నీ ఆపేస్తారు. డిఫాల్ట్‌గా ఆపి ఉంచిన హెచ్చరికకూ, అసలు లేని హెచ్చరికకూ ఆచరణలో పెద్ద తేడా లేదు. సీ భాషలోనూ ఇదే తంతు: జీసీసీ కంపైలర్‌లో ఒక పేరు మరో పేరును కప్పేస్తే చెప్పే ‘–డబ్ల్యూషాడో’, అన్నీ అనే అర్థంతో ఉన్న ‘–డబ్ల్యూఆల్’లో చేరలేదు.

దీనికి ఒరాకిల్ దగ్గరే ఒక మంచి మందు ఉంది. హెచ్చరికల్లో ఒక్కో నంబరును విడిగా ఎర్రర్‌గా మార్చవచ్చు. 05004ను ఎర్రర్ చేసి, మిగతా సద్దును ఆపితే కంపైలరే ఆ తగాదాను లోపలికి రానివ్వదు. కాలమ్‌తో తగాదా పడేవాటికి పీఎల్/స్కోప్ పనికొస్తుంది. 11జీలో వచ్చిన ఈ సౌకర్యం ప్రోగ్రాంలోని పేర్లను, అవి ఎక్కడ ప్రకటించినవో, ఎక్కడ వాడినవో డేటాబేస్‌లోనే నమోదు చేస్తుంది. 12.2 నుంచి ఎస్‌క్యూఎల్ వాక్యాల్లోని కాలమ్‌లనూ గుర్తిస్తుంది. వేరియబుల్ పేర్లను, కాలమ్ పేర్లను పక్కపక్కన పెట్టి సరిపోలినవి తీసే క్వెరీ రాయడం ఎవరికైనా సాధ్యమే.

తగాదా ప్రోగ్రాం రాసిన రోజే ఉండాలని లేదు. ఇది ఇంకా ప్రమాదకరమైన సంగతి. ప్రొసీజర్‌లో ‘స్టేటస్’ అనే వేరియబుల్ ఉంది, టేబుల్‌లో ఆ కాలమ్ లేదు, అంతా సవ్యంగా నడుస్తోంది. ఒక రోజు ఇంకో బృందం టేబుల్‌కు స్టేటస్ అనే కాలమ్ చేర్చింది. ఒరాకిల్ ఆ ప్రొసీజర్ చెల్లదని గుర్తు పెట్టి, తర్వాత ఎవరు పిలిచినా తనంతట తానే మళ్లీ కంపైల్ చేస్తుంది. ఈసారి స్టేటస్ అంటే కాలమ్. ప్రొసీజర్‌లో ఒక్క అక్షరం మారలేదు, అర్థం మారింది. కోడ్ రివ్యూ చేసేవారికి చూడటానికి ఏ మార్పూ కనిపించదు.

ప్రొసీజర్లు లేకపోయినా, శుద్ధ ఎస్‌క్యూఎల్‌లోనూ ఇది జరుగుతుంది. ‘డిలీట్ ఫ్రమ్ ఆర్డర్స్ వేర్ కస్టమర్_ఐడీ ఇన్ (సెలెక్ట్ కస్టమర్_ఐడీ ఫ్రమ్ పాత_ఖాతాలు)’ అని రాశారు. పాత_ఖాతాలు టేబుల్‌లో కాలమ్ పేరు ‘కస్ట్_ఐడీ’ అని, కస్టమర్_ఐడీ అనేది అందులో లేదని అనుకుందాం. ఎర్రర్ రావాలి కదా అనిపిస్తుంది. రాదు. లోపలి క్వెరీలో దొరకని పేరును బయటి క్వెరీలో వెతకడం ఎస్‌క్యూఎల్ నియమం. అది ఆర్డర్స్ కాలమ్‌గా అతుక్కుంటుంది, పాత_ఖాతాల్లో ఒక్క వరుస ఉన్నా, కస్టమర్_ఐడీ ఉన్న ఆర్డర్లన్నీ పోతాయి. ‘@’ గుర్తుతో వేరియబుళ్ల తగాదా తప్పించుకున్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు కూడా దీనినుంచి రక్షణ లేదు.

కీవర్డ్‌లూ భవిష్యత్తునుంచి వచ్చి తగాదా పెట్టుకుంటాయి. మైఎస్‌క్యూఎల్ 8.0లో విండో ఫంక్షన్లు వచ్చి ‘ర్యాంక్’, ‘గ్రూప్స్’ రిజర్వు పదాలయ్యాయి. ర్యాంకు అనే కాలమ్ పెట్టుకుని హాయిగా ఉన్న అప్లికేషన్లు అప్‌గ్రేడ్ చేసిన రోజు సింటాక్స్ ఎర్రర్లిచ్చాయి. అదైనా అరిచింది. పోస్ట్‌గ్రెస్‌లో ‘యూజర్’ అనే కాలమ్‌ను కోట్స్ లేకుండా సెలెక్ట్ చేస్తే అరవదు, ప్రస్తుత యూజర్ పేరును ప్రతి వరుసలోనూ చూపిస్తుంది.

పరిష్కారాల్లో అందరికీ తెలిసింది ముందు అక్షరం జోడించడం: పేరామీటర్‌కు ‘పీ_’, లోకల్‌కు ‘ఎల్_’ లేదా ‘వీ_’, గ్లోబల్‌కు ‘జీ_’. హైదరాబాద్ ఆఫీసుల్లోని పీఎల్/ఎస్‌క్యూఎల్ కోడ్‌లోనూ ఎక్కువగా కనబడేది ఇదే. మంచి అలవాటే, కానీ ఇది ఒప్పందం మాత్రమే. టేబుల్‌కు కాలమ్ చేర్చే వ్యక్తి ఆ ఒప్పందంలో ఉన్నారో లేదో కంపైలర్ చూడదు. రెండో దారి, ప్రతి పేరునూ ఇంటిపేరుతో సహా పిలవడం: కాలమ్‌కు టేబుల్ అలియాస్, వేరియబుల్‌కు ప్రొసీజర్ పేరో బ్లాక్ లేబులో. ఒరాకిల్‌లో పీఎల్/ఎస్‌క్యూఎల్ బాధ్యతలు చాలాకాలం చూసిన బ్రిన్ లూయెల్లిన్ పట్టుబట్టి చెప్పింది ఈ పద్ధతినే. నేనూ ఆయన పక్షమే. ఇలా రాసిన చోట టేబుల్‌కు కొత్త కాలమ్ చేరినా అర్థం మారదు, మళ్లీ కంపైల్ కావాల్సిన అవసరమూ తగ్గుతుంది. పై సబ్‌క్వెరీలోనూ పాత_ఖాతాలు అలియాస్ జోడించి ఉంటే ఆ కాలమ్ లేదని వెంటనే ఎర్రర్ వచ్చేది.

ఇక్కడ ఒక వివరం చాలామంది జారవిడుస్తారు. ఒరాకిల్‌లో కాలమ్‌కు మాత్రమే అలియాస్ పెట్టి, వేరియబుల్‌ను ఒంటరిగా వదిలేస్తే లాభం లేదు. ఆ ఒంటరి పేరును అది మళ్లీ కాలమ్‌గానే చదువుతుంది. అక్కడ ఇంటిపేరు కావాల్సింది వేరియబుల్‌కు. మైఎస్‌క్యూఎల్‌లో సరిగ్గా ఎదురు: వేరియబుల్‌కు లేబుల్ జోడించే వీలే లేదు, కాలమ్‌కు టేబుల్ పేరు జోడిస్తే సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో రెండిటికీ జోడించాలి. ఒక్క వైపే జోడిస్తే ఎర్రర్ అలాగే ఉంటుంది. ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మారేవారు అందుకే తాత్కాలికంగా కాలమ్ పక్షం సెట్టింగు పెట్టుకుంటారు, పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ కూడా ఆ దారి చూపిస్తుంది. ఒరాకిల్ నుంచి మైఎస్‌క్యూఎల్‌కు వెళ్లేవారికి అలాంటి సెట్టింగు లేదు. తగాదా ఉన్న ప్రతి పేరూ అక్కడ అర్థం మార్చుకుంటుంది. మైగ్రేషన్ మొదలుపెట్టే ముందే ఒరాకిల్ వైపు పీఎల్/స్కోప్ నడిపి జాబితా తీసుకోవడం మంచిది.

తెలుగు లిపిలో పేర్లు పెట్టేవారికి ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్ తెలుగు పేర్లను కోట్స్ లేకుండానే ఒప్పుకుంటుంది. కానీ పేరు పొడవు 63 బైట్లకు మించకూడదు. యూటీఎఫ్–8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా 3 బైట్లు. అంటే అలాంటివి 21 మాత్రమే. ‘కస్టమర్’ అన్న చిన్న మాటే ఏడు తీసుకుంటుంది. హద్దు దాటితే మిగతాది కత్తిరించి ఒక నోటీసు ఇస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. మొదలు ఒకేలా ఉన్న రెండు పొడవైన పేర్లు కత్తిరింపు తర్వాత ఒకటే అయిపోతాయి.

టీమ్‌లో ఈ జాగ్రత్తలన్నీ మనుషుల జ్ఞాపకానికి వదలకుండా బిల్డ్ సర్వర్‌కు అప్పగించవచ్చు. ఒరాకిల్ అయితే 05004ను ఎర్రర్‌గా పెట్టి కంపైల్ చేయాలి, రాత్రిపూట పీఎల్/స్కోప్ క్వెరీ నడపాలి. పోస్ట్‌గ్రెస్ అయితే ప్రతి ఫంక్షన్ మీదా పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్_చెక్ నడపాలి, సర్వర్ అంతటికీ వేరియబుల్_కాన్‌ఫ్లిక్ట్‌ను ఎర్రర్ నుంచి కదపకూడదు. ఇక టెస్ట్ టేబుళ్లలో కనీసం మూడు వరుసలు ఉండాలి. డిలీట్, అప్‌డేట్ పిలిచాక ఎన్ని వరుసలు మారాయో టెస్టే లెక్కించాలి, ఎన్ని మారకుండా మిగిలాయో కూడా.